నేను గీసిన శివారులో నాయనమ్మ

దయ్యాల మాటెత్తితే నవ్వి ఊరుకునే రకం నేను. బొమ్మల నవలలు గీయడం నా పని. అడిగినవాళ్లకు దయ్యాలను కూడా గీసిచ్చాను కానీ, ఒక్కదాన్నీ నమ్మలేదు.

పోయినేడు ఓ నవల కోసం జనగామ శివారును రాత్రిపూట గీయాల్సి వచ్చింది. నేను చూసిన బొమ్మల నవలల్లో శివారంటే ఒకటే వరస. పేజీ నిండా నల్ల సిరా, మినుకు మినుకుమనే ఓ స్తంభం లైటు, ఓ కుక్క, ఎవరి పీకో తెగడం. నాకది ఒళ్లుమంట. మా బచ్చన్నపేట రోడ్డులో రాత్రి అట్లా ఉండదు. ప్లాట్ల హద్దురాళ్లు వెన్నెల్లో తెల్లగా కనిపిస్తాయి, వెనక ఊరి వెలుతురు పలచగా పరుచుకుని ఉంటుంది. అందుకే పేజీకి లేత నీలం పూశాను. మూడో గడిలో, రాళ్ల మధ్య దొర్లి ఉన్న సిమెంటు పైపు మీద ఓ ముసలామెను ఒంటరిగా కూర్చోబెట్టాను. ఆ చోటు నా ఊహే.

నవల రాసిన మిత్రుడు చూసి, "ఏందన్నా గిది, శివారంటే జర భయముండాలె" అన్నాడు. నేను మార్చలేదు.

నెల తిరగకుండానే మా నాయనమ్మ తప్పిపోయింది. మతిమరుపు మనిషి. ఆ సాయంత్రం గేటు గొళ్లెం వేయడం మరిచింది నేనే. బస్టాండు, దవాఖాన, రైల్వేస్టేషన్ అంతా వెతికాం. తొమ్మిది దాటింది. నన్ను పెంచిన మనిషి ఆమె. నా చేతులారా పోగొట్టుకున్నాననిపించింది.

ఏం తోచక బచ్చన్నపేట రోడ్డు మీద బండి పోనిచ్చాను. ఓ ప్లాట్ల వెంచర్ దగ్గర ఎందుకు ఆపానో చెప్పలేను. హద్దురాళ్ల మధ్య నడుస్తుంటే మెలకువలో ఉన్నానో నిద్రలో ఉన్నానో తెలియలేదు. అంతా లేత నీలం. సిమెంటు పైపు మీద నాయనమ్మ కదలకుండా కూర్చుని ఉంది. ఆమెకు పది అడుగుల ముందు గట్టు లేని పాత బావి. నా బొమ్మలో బావి లేదు.

చేయి పట్టుకుంటే విసుక్కుంది. "గింతసేపు నా పక్కనే కూసొని బొమ్మ గీస్తివి, మళ్లెటు వోయినవ్‌రా? లేవకు, బొమ్మ చెడుతదంటివి. కాళ్లు గుంజుతున్నయ్. ఇగ లేవనా?"

నాకు ఏడుపు ఆగలేదు.

ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి నేనెన్నడూ బొమ్మ గీయలేదు. మతి లేని మనిషి మాటలని మా నాన్న కొట్టిపారేశాడు. కావచ్చు. ఆ చోటు ఎప్పుడో చూసి మరిచిపోయి ఉంటానని నేనూ సర్దిచెప్పుకున్నాను. కానీ లేవొద్దని ఆమెకు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఆమె ఎవరి మాటా వినదు. చెప్పింది నేననుకునే విన్నది.