భుజం మీది చెయ్యి

అత్త పోయిన రోజు నేను ఏడవలేదని మా ఇంట్లో ఇప్పటికీ అంటున్నారు. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయిందని నాయిన ఫోన్ చేసినప్పుడు, నేను వనపర్తిలో ఆమె దుకాణంలో, ఆమె కుర్చీలోనే ఉన్నాను. ఎవరిదో పెళ్లిపత్రిక మీద నెమలి మెడ వంపు సరిచేస్తున్నాను. ఫోన్ పెట్టేసి ఆ మెడ పూర్తి చేశాను. సగంలో వదిలితే అత్త ఊరుకునేది కాదు. ఆ సంగతి తెలిసి అమ్మ, "రాయి లెక్క కూసున్నది. సదువు ఎక్కువైతే గిట్లనే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను చేసింది అత్త నేర్పిన పనేనని ఎవరికీ తోచలేదు.

ఆమె మా నాయినకు అక్క. అత్తగారింటి నుంచి ఒక్కతే తిరిగొచ్చి, కంప్యూటర్ నేర్చుకుని, బస్టాండు వెనక పత్రికలు చేసే దుకాణం పెట్టింది. మీరు ఈ చుట్టుపక్కల వాళ్లయితే ఆమె గీసిన నెమలో, కలశమో మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. డిగ్రీ అయ్యాక ఎక్కడా కుదురు లేక తిరుగుతున్న నన్ను ఆ డబ్బా మానిటర్ ముందు కూర్చోబెట్టి కంప్యూటర్లో బొమ్మలు గీసే పెన్ టూల్ చేతికిచ్చింది. ఒక చుక్క పెట్టాలి. దూరంగా ఇంకో చుక్క పెట్టి లాగితే మధ్యలో గీత వంగుతుంది. చుక్కకు రెండువైపులా సన్నటి పుల్లలు పొడుచుకొస్తాయి, వాటిని జరిపితే వంపు మారుతుంది. అత్త వాటిని మీసాలనేది.

"గన్ని చుక్కలెందుకే? జొన్నలు చల్లుతున్నవా? రెండు సాలు. మీసం పట్టి గుంజు, గీత చెప్పినట్టు ఇంటది."

నేను నవ్వితే, తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "మీసాలు పట్టి గుంజే పని ఆడోళ్ళకు ఇంకేడ దొర్కుతదే" అనేది.

పెళ్లిపత్రికల కంటే ఓపికగా చేసేది దశదినకర్మ పత్రికలు. పోయినవాళ్లకు చాలామందికి విడిగా తీయించిన ఫోటో ఉండదు. ఏ పెళ్లిలోనో నలుగురి మధ్య నిలబడ్డది తెచ్చేవారు. దాన్ని స్కాన్ చేసి, ఆ మనిషి చుట్టూ గీత తిప్పి, నలుగురిలోంచి బయటికి తీసేది. "అంచు మీద పోకు, జర లోపట్నుంచి పో. లేకుంటే పక్కోళ్ళ రంగు అంటుకొనొస్తది."

ఒక్క చోట మాత్రం ఆమే ఆ మాట తప్పేది. పోయిన మనిషి చెయ్యి ఎవరి భుజం మీదైనా ఉంటే, ఆ భుజం ముక్కతో సహా తీసేది. వీపనగండ్ల నుంచి వచ్చిన ఒకాయన తన తల్లి ఫోటో చూసి పంచాయితీ పెట్టాడు.

"మా అమ్మ చెయ్యి కింద గీ పచ్చ గుడ్డేంది మేడం?"

"నీ అంగీనే. నీ మీద చెయ్యేసి నిలవడ్డది, యాది లేదా?"

"తీసెయ్యరాదు?"

"తీస్తే చెయ్యి గాలిల ఉంటది. ఎవర్నో దేవులాడుతున్నట్టు."

ఆయన ఆ పచ్చ ముక్క మీద వేలు పెట్టి, "ఉండనియ్యి" అన్నాడు.

అచ్చు అయిపోయాక ఫోటోలు తీసేసేది, కంప్యూటర్లో జాగా తక్కువ. చుట్టూ గీసిన గీతల్ని మాత్రం ఉంచేది. "గీతకు బరువేముంటదే" అనేది. అవన్నీ ఒకే ఫైలులో ఉన్నాయి. ఆమె పోయిన మరునాడు తెరిచాను. తెల్లటి తెర మీద ముఖాలు లేని మనుషులు, పక్కపక్కనే. తలరుమాలు, కొంగు, చేతికర్ర. లోపల ఏమీ లేదు. కొందరి చేతుల కింద మాత్రం చిన్న వంపు ఉంది. అది బతికున్నవాళ్ల భుజం. లేచి తలుపు దాకా వెళ్లి నిలబడ్డాను. కళ్లు లేనివాళ్లు వెనక నుంచి చూస్తున్నట్టే ఉంది.

ఇంతమందిని విడదీసిన అత్తకు విడిగా ఫోటో లేదు. దొరికింది ఒక పెళ్లిలోది. ఎర్ర గౌనులో నేను, నా భుజం మీద ఆమె చెయ్యి. అప్పటికి ఆమె తిరిగొచ్చిన కొత్త. "ఫోటోకు నా పక్కన ఎవ్వరు నిలవడలే. నువ్వు చిన్నదానివి, నీకేం తెల్వదు. ఉరికొచ్చి నిలవడ్డవ్" అని చాలాసార్లు చెప్పింది.

ఆ ఫోటోలో అత్త చుట్టూ గీత తిప్పుతుంటే, చెవి వంపు దగ్గర, గడ్డం దగ్గర "మీసం గుంజు" అని వినపడుతూనే ఉంది. చెయ్యి దగ్గర ఆగలేదు. నా భుజం చుట్టూ తిప్పి గీత మూశాను.

అత్త దశదినకర్మ పత్రిక నమూనా ఇంటికి తెస్తే అమ్మ ముఖం మారింది.

"గీ ఎర్రది నీ గౌనే గదా?"

"అవు."

"బతికున్న పిల్ల బట్ట సచ్చినామె ఫోటోల ఉంటదానే? నిన్ను తోలుకపోతున్నట్టు లేదా? తీసెయ్."

"పూలదండ అడ్డం పెట్టు బిడ్డా, ఎవలకు తెలుస్తది" అన్నాడు నాయిన.

"ఇప్పటికే మేనత్త పోలికంటున్నరు" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

ఆమె భయం గౌను గురించే కాదు. నేనూ ఆ కుర్చీలోనే ఒంటరిగా మిగిలిపోతానని. అత్తలా ఉండాలనే పంతం పడుతున్నానని వాళ్ల లెక్క. అమ్మ కోసం దుకాణానికి వెళ్లి ఒకసారి ప్రయత్నించాను. వేళ్ల అంచు వెంబడి గీత తిప్పి భుజాన్ని తీసేశాను. చెయ్యి గాలిలో మిగిలింది. తెర మీద అత్త ఎవరినో వెతుకుతోంది. ఆ పక్కన ఎవరూ లేరు.

భుజాన్ని మళ్లీ తెచ్చాను.

పత్రికలు అట్లాగే అచ్చయ్యాయి. అత్త గీతను ఆ ఫైలులో మిగతావాళ్ల పక్కన పెట్టాను. లోపల ఖాళీ. చెయ్యి కింద ఒక చిన్న వంపు.

అది నాది. తీయను.