అవతలి గట్టు మనిషి

మా మామయ్య చెవులు పిండిమరలోనే పోయాయి. వయసంతా ఆ చప్పుడు పక్కన నిలబడి ఊరందరి గింజలూ పట్టాడు. మర అమ్మేశాక చప్పుడు పోయింది గానీ వినికిడి తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్లు, తమ్ముడి చెవి దగ్గర నోరు పెట్టి వీధి కబుర్లన్నీ అరిచి చెప్పేది. ఆమె పోయాక అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. కిరాణా కొట్టువాడు కూడా వేలు చూపించి, తలాడించి పని కానిచ్చేస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని జనం తేలిగ్గా అనేస్తారు. ఆ ఊదే నాథుడైనా ఉంటే మామయ్యకు అదే పదివేలు.

అందుకే ఆయన వాగుకు అలవాటు పడ్డాడు. గట్టు మీద నోరు తెరిస్తే చేప పోతుందని గాలం వేసేవాళ్ల నమ్మకం. అక్కడ మాట్లాడకపోవడమే మర్యాద కాబట్టి, చెవులు లేని లోటు ఎవరికీ తెలియదు. తెల్లవారగానే వానపాముల డబ్బా, గాలపు కర్ర పట్టుకుని వంతెన పక్కన వంపులో ఒక రాయి మీద కూర్చునేవాడు. దారానికి కట్టిన బెండు నీళ్ల మీద తేలుతున్నంతసేపూ కదలడు, మెదలడు. చేప ఎర పట్టి బెండును లోపలికి లాగినప్పుడు మాత్రం మణికట్టు చటుక్కున పైకి లేస్తుంది. పడిన జెల్లల్ని నేనూ మా వీధి పిల్లులూ పంచుకునేవాళ్లం.

అవతలి గట్టున ఇంకో పెద్దాయన కూర్చునేవాడు. గాలం విసిరే ముందు ఎర మీద ఉమ్మడం ఆయన అలవాటు. మధ్యమధ్యలో చెయ్యి నుదుటి దాకా ఎత్తేవాడు. మామయ్య కూడా ఎత్తేవాడు. ఏళ్ల తరబడి అదే వాళ్ల పలకరింపు. పేరు తెలియదు, ఇల్లు తెలియదు, గొంతు ఎలాగూ తెలియదు. అయినా ఇంటికొచ్చి, "ఇవాళ మా స్నేహితుడికి పెద్దది పడింది" అని తనకే పడినంత సంబరంగా చెప్పేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. స్నేహితుడని చెప్పుకోవడానికి ఈ లోకంలో ఆయనకు ఆ ఒక్కడే ఉన్నాడని అర్థమయ్యాక నవ్వు రావడం మానేసింది.

వానలు వెనకబట్టాక అవతలి గట్టు ఖాళీ అయింది. మామయ్య రోజూ వెళ్లి, గాలం మీద కన్నా ఎదురుగట్టు మీదే కన్నేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. తిండి సరిగా తినేవాడు కాదు. చివరికి ఒక పొద్దున్న మా గుమ్మంలో నిలబడ్డాడు.

"వాడికేమైందో కనుక్కోవాలమ్మా. నువ్వు కూడా రా. వాళ్లు చెప్పేది నాకు వినపడదు కదా."

వంతెన దాటి వెళ్లాం. పేరు తెలియని మనిషిని వెతకడమంత చిరాకు పని ఇంకోటి లేదు. ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే మామయ్య చెప్పేవన్నీ గట్టు మీది గుర్తులే. ఎడమ చేత్తో విసురుతాడట. దారం చిక్కుపడితే విసుక్కోకుండా విప్పుకుంటాడట. వాళ్లు నా మొహం చూసేవాళ్లు, నేను నేల చూసేదాన్ని. గాలాలు అమ్మే కొట్టులో ఎర మీద ఉమ్మే సంగతి చెప్పగానే కొట్టామె గుర్తుపట్టింది. ఆయన వడ్రంగి అనీ, సందు చివరి ఇల్లనీ చెప్పింది.

వడ్రంగి బతికే ఉన్నాడు. అది చూసి మామయ్య గుమ్మంలోనే గట్టిగా ఊపిరి వదిలాడు. గదిలో ఒక మంచం, గోడకు ఆనించిన రంపాలు, వెలుతురు పడకుండా కిటికీకి కట్టిన దుప్పటి. శుక్లాలు బాగా ముదిరితే ఆపరేషన్ చేయించుకున్నాడట, నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. మామయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నేనే, అవతలి గట్టు" అన్నాడు. వడ్రంగి అయోమయంగా నా వైపు తిరిగాడు.

"అక్కడ మనిషి ఉండేవాడా అమ్మా? నేను చెట్టు మోడనుకున్నాను. మంచి కర్ర, వృథాగా పడి ఉందని కూడా అనుకునేవాణ్ణి."

మరి చెయ్యెత్తడం సంగతేమిటని అడిగాను. ఎండ కళ్లలో పడితే అడ్డం పెట్టుకునేవాడట.

ఏమంటున్నాడని మామయ్య తన చెవి నా నోటి దగ్గరికి తెచ్చాడు. అబద్ధం మెల్లగా చెప్పడం తేలికే. గొంతు చించుకుని చెప్పాలంటే చాలా గుండె కావాలి, నాకది లేదు. మోడనుకున్నాడని అరిచాను. సందంతా వినే ఉంటుంది. మామయ్య ఆ చేతుల్ని నెమ్మదిగా వదిలేశాడు. నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వడ్రంగి ఇంకా చెబుతూనే ఉన్నాడు, తల దించుకుని. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదట. "ఆ మోడుకే అన్నీ చెప్పుకునేవాణ్ణి. రాత్రి నిద్ర పట్టలేదనీ, ఆవిడ కల్లోకొచ్చిందనీ. మనిషని తెలిస్తే చెప్పేవాణ్ణా?"

అరవకూడని మాటలవి. అయినా అరిచాను, ఇంకో దారి లేదు. వాడి పెదాలు కదలడం చూశాననీ, ఏదో నములుతున్నాడనుకున్నాననీ తిరిగొచ్చే దారిలో మామయ్య తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

కళ్లు కుదుటపడ్డాక వడ్రంగి, దూరం ఆనడానికి డాక్టరిచ్చిన కొత్త కళ్లజోడు పెట్టుకుని మళ్లీ వాగుకొచ్చాడు. ఈసారి మామయ్యను చూసి నిజంగానే చెయ్యెత్తాడట. ఆ తర్వాత ఇద్దరూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయారట. మామయ్య నా వంటగదిలోకొచ్చి పీట మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు నేను కనపడుతున్నాను. ఇక వాడు మాట్లాడడు."

మర్నాడు పొద్దున్న, మనసాగక, నేను వంతెన మీదికి వెళ్లి నిలబడ్డాను. మామయ్య మట్టిరంగు దుప్పటి తల మీదుగా కప్పుకుని రాయి మీద కూర్చున్నాడు. వడ్రంగి చెయ్యెత్తాడు. మామయ్య ఎత్తలేదు. వడ్రంగి మళ్లీ ఎత్తి, కాసేపు చూసి, దించేశాడు. ఇంతలో మామయ్య బెండు బుడుంగున మునిగింది. కర్ర వంగిపోయింది. పెద్ద చేపే. ఆయన మణికట్టు లేవలేదు.

అవతల వడ్రంగి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన పెదాలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. నీళ్ల చప్పుడులో నాకే ఒక్క ముక్క వినపడలేదు, ఇక మామయ్యకేం వినపడుతుంది? చేప దారం తెంపుకుని పోయింది. మామయ్య కదలకుండా అలాగే కూర్చున్నాడు.