చెరువుకు మూడు రోజుల ఉపవాసం

ఏలూరులో విలేకరిగా పనిచేసిన ముప్పై ఏళ్లలో జనం నన్ను ఎక్కువగా అడిగింది రాజకీయాల గురించి కాదు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. టీ కొట్టు దగ్గర పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఈ చేతబడులు నిజంగా పనిచేస్తాయంటారా అని అడిగేవారు. లేదని చెబితే వాళ్ల ముఖాల్లో చిన్న నిరాశ. ఇన్ని ఊళ్లు తిరిగే మనిషి ఒక్క చేతబడినైనా చూడలేదంటే పనిలో ఎక్కడో లోపం ఉన్నట్టే కదా అన్నట్టు చూసేవారు.

చేతబడి పనిచేయడం నేను చూడలేదు. చేతబడి తీయడం పనిచేయడం మాత్రం ఒకసారి కళ్లారా చూశాను. తీయడం మొదలుపెట్టిన రెండో రోజుకే చెరువులో చేపలు చచ్చి తేలాయి.

అది మండవల్లి అవతల, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరు. ఆ వైపు ఒక వాడుక ఉంది. చేపలు పట్టే రోజున చెరువులో మూడుసార్లు వల లాగుతారు. మూడో లాగుడు గట్టెక్కాక బురదలో మిగిలిన చిన్నాచితకా చేపలు ఊళ్లో ఆడవాళ్లవి. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు కదా, దీన్నీ పరిగె అనే అంటారు. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు. అలాగని ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక షావుకారు ఆ ఊళ్లో చెరువు లీజుకు తీసుకున్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే గోదాములో నేల మీద రాలిన ఉల్లిపాయ కూడా గోదాము వాడిదే కాబట్టి, చెరువులోనూ అంతే అనుకున్నాడు. మొదటి పట్టుబడి రోజున తట్టలు పట్టుకొచ్చిన ఆడవాళ్లను గట్టు మీద నుంచే వెనక్కి పంపేశాడు. అందరికంటే చివర వెళ్లినావిడ డెబ్బై దాటిన మనిషి. ఊరంతా ఆమెను మామ్మ అనే పిలుస్తుంది. ఆవిడ వెళ్తూ వెళ్తూ వంగి, గుప్పెడు మట్టి తీసి, ఎండిన చెరువులోకి విసిరి, పెదాలు కదిపింది. ఏమందో ఎవరికీ వినపడలేదు. వినపడి ఉంటే ఇంత కథ నడిచేది కాదు.

షావుకారు మళ్లీ నీళ్లు పెట్టాడు, చేప పిల్లలు వదిలాడు. శీలావతులు, బొచ్చెలు బాగా ఎదిగాయి. ఇంకో నెలలో పట్టుబడి అనగా, కార్తీకంలో వాయుగుండం పట్టి వారం రోజులు సూర్యుడు కనపడలేదు. ఒక సోమవారం తెల్లవారేసరికి చెరువులోని చేపలన్నీ నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

మర్నాడు షావుకారు నాకు ఫోన్ చేశాడు. అతను మా పేపరు పాత చందాదారుడు.

"ఏవండీ, ఇది మీరు ఫొటోతో వెయ్యాలండీ. 'చెరువుపై వృద్ధురాలి చేతబడి' అని హెడ్డింగ్ పెడితే బాగుంటుందండీ. కాస్త పెద్ద అక్షరాల్లో."

హెడ్డింగ్ కూడా తెచ్చి ఇచ్చే వార్త నా ఉద్యోగంలో అరుదు. బుధవారం పొద్దున్నే స్కూటర్ తీశాను.

వెళ్లేసరికి చికిత్స నడుస్తోంది. షావుకారు సోమవారం పొద్దున్నే తాడేపల్లిగూడెం వైపు నుంచి ఒక మంత్రగాడిని పిలిపించాడు. నలభై ఏళ్ల మనిషి, నల్ల కళ్లద్దాలు, గట్టు మీద నిలబెట్టిన కొత్త మోటార్‌సైకిల్. ముహూర్తం సెల్‌ఫోన్‌లో చూసుకుంటున్నాడు. గుప్పెడు మట్టి సంగతి ఊళ్లో ఎవరో అతని చెవిన వేశారు. దాన్నే అతను కళ్లు మూసుకుని కనిపెట్టి చెప్పాడు. విరుగుడు కూడా చెప్పాడు. మూడు రోజులు పొద్దున్నే బస్తా బియ్యం బెల్లం వేసి వండి, ఆ అన్నం చెరువుకు సమర్పించాలి. ఆ పైన మట్టి విసిరిన మనిషే ఊరందరి ముందూ గట్టు మీదికి వచ్చి, నేను పెట్టినది నేను తీస్తున్నానని నోటితో చెప్పాలి.

మొదటి రోజు అన్నం పోశాక తేలిన చేపలు ఎక్కువయ్యాయి. రెండో రోజు పోశాక చావడం మొదలైంది. నేను వెళ్లింది మూడో రోజు. ఇద్దరు పనివాళ్లు గుండిగ మోసుకొస్తున్నారు, పోసే ముహూర్తానికి ఇంకా గంట ఉందట. గట్టంతా పాయసం వాసన, దాని కింద చచ్చిన చేపల వాసన.

"చస్తున్నాయి కదండీ," అన్నాను మంత్రగాడితో.

"దోషాన్ని కక్కుతోందండీ చెరువు. మందు పడిందన్న మాట."

నాకు తెలిసిన మత్స్యశాఖ అధికారి ఒకాయన ఉన్నాడు. గట్టు చివరికి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. ఎండ లేక నీటిలో ఆక్సిజన్ పడిపోయిందని, మేత ఆపి, ఇంజన్లతో నీళ్లు పైకి కొట్టించాలని ఆయన ఓపిగ్గా చెప్పాడు. చెరువులో ఇంకేమైనా వేశారా అని అడిగాడు. బెల్లం అన్నం అన్నాను. కుళ్లే పదార్థం ఏది పడినా ఉన్న కాస్త గాలినీ అదే తినేస్తుందని, ముందు ఆ వంట మనిషిని గట్టు దింపమని చెప్పాడు.

ఈ మాటలన్నీ షావుకారుకు అప్పజెప్పాను. అతను మర్యాదగా విన్నాడు.

"ఆఫీసరు గారు ఎప్పుడూ మేత తగ్గించమనే అంటారండీ. ఆయన చెప్పేది చేపల జబ్బులకండీ. ఇది మట్టి జబ్బు."

షావుకారుకు పోతే చేపలు పోతాయి. మామ్మకు పోయేది వేరే ఉంది. ఆమెది మిషనరీల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. ఆ వచ్చేది నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. ఈ చేతబడి మాట తేలేదాకా ఆమె బల్ల దగ్గరికి రాకుండా ఉంటే మంచిదని సంఘం పెద్దలు కబురు పెట్టారు. ఆ ఊరికి కాపురానికి వచ్చి యాభై ఏళ్లయింది. పురుళ్లకు తప్ప ఆ బల్ల ఆమె ఎన్నడూ మానలేదు.

నేను వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో పాత వల పరిచి, దాని మీద ఎండు చేపలు తిరగేస్తోంది. ఎండ లేదు, అయినా తిరగేస్తోంది.

"రండి బాబూ. మంత్రగత్తె ఇంటికొచ్చారు. మజ్జిగ తాగుతారా, భయమా?"

తాగాను. గ్లాసు కింద పెట్టేదాకా నన్నే చూసింది.

"తాగేశారు. ఇంక మీ పెన్ను నా మాటే వింటాదండీ."

అన్నం సంగతి చెప్పబోయాను. ఆవిడకు ముందే తెలుసు. వాళ్లాయన ఇరవై ఏళ్లు చెరువుల కాపలా ఉన్నాడట. ఆ ఇరవై ఏళ్లూ మేత బస్తాలు మోసింది ఆవిడే. మబ్బు పట్టిన రోజుల్లో మేత కట్టేయాలని, పొద్దుగూకిన దగ్గర నుంచి మర్నాడు నీళ్ల మీద ఎండపొడ పడేదాకా ఇంజన్లు ఆపకూడదని, ఫోన్‌లో అధికారి చెప్పిందే వరసగా చెప్పింది. ఆయన చెప్పని ముక్క ఒకటి కలిపింది. ఉత్తరపు గట్టు పక్కన గుంట ఉంది, చేపలు ముందు అక్కడికి చేరతాయి, ఒక ఇంజన్ అక్కడ వెయ్యాలి అంది.

"మరి ఆ మాట షావుకారుకు చెప్పొచ్చు కదా మామ్మా?"

"చెబితే చేపలు బతుకుతాయండీ. బతికితే నేను తీశానంటారు. తీసిందంటే పెట్టింది కూడా అదేనంటారు. చెప్పకపోతే చస్తాయి. చస్తే చంపిందంటారు. ఎటు తిరిగినా మంత్రగత్తెనేనండీ నేను. ఆదివారం నాకు బల్ల లేదు."

ఎండు చేపల మీద వాలిన ఈగల్ని చేత్తో తోలింది. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే సంపాదకీయం లాంటిది ఏదో చెప్పి తప్పించుకునేవాణ్ణి.

మా వృత్తిలో ఒక సదుపాయం ఉంది. చెప్పిన వాడి పేరు బయటపెట్టకూడనప్పుడు 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని రాస్తాం. ఆ మాట కింద ఎంతమంది గుమాస్తాలను, డ్రైవర్లను దాచి ఉంటానో లెక్కలేదు. వాకిట్లోంచి గట్టు దాకా నడిచే అయిదు నిమిషాల్లో, మామ్మను కూడా దాని కిందే దాచేద్దామని తోచింది. ఇలాంటి మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ముప్పై ఏళ్లు వ్యాసాలు రాసినవాణ్ణి. సిగ్గు వేసిందా అంటే, వేసింది. అయినా నడుస్తూనే ఉన్నాను.

షావుకారును పక్కకు పిలిచాను. ఆకివీడు అవతల ఇలాంటి దోషాలు చూసే ఒక పెద్దాయన ఉన్నారని, పేరు చెప్పడానికి వీల్లేదని, ఇప్పుడే మాట్లాడానని అన్నాను. ఆయన చెప్పినట్టుగా అంతా చెప్పాను. ఇది ముసలావిడ పని కాదు. తెరిపి లేకుండా మేపడం వల్ల చెరువుకే కోపం వచ్చింది. ఈ రోజు నుంచి శుక్రవారం దాకా చెరువు ఉపవాసం ఉండాలి, ఒక్క గింజ పడకూడదు. పొద్దుగూకినప్పటి నుంచి నీళ్ల మీద ఎండపొడ పడేదాకా ఇంజన్లతో నీటిని ఆకాశానికి చూపించాలి. ఒక ఇంజన్ ఉత్తరపు గట్టునే ఉండాలి. పట్టుబడి రోజున మూడో లాగుడు తర్వాత మిగిలినది ఆడవాళ్లకు వదిలేయాలి, అది చెరువు ఎంగిలి, మగవాడు ముట్టకూడదు.

చివరిది ఏ శాస్త్రంలోనూ లేదు. నోటికి వచ్చింది, వదిలేశాను.

షావుకారు రెండు చేతులూ జోడించాడు. "ఆయన ఏం పుచ్చుకుంటారండీ?"

"ఏమీ పుచ్చుకోరు."

దాంతో అతనికి పూర్తిగా నమ్మకం కుదిరింది. ఇక మంత్రగాడు గొడవ చేస్తాడేమోనని భయపడ్డాను. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆకివీడు పెద్దాయనాండీ? తెలియకపోవడమేంటండీ, మా గురువుగారికి గురువండీ ఆయన. ఆయన మాటంటే ఇంక నాదేం లేదు."

నేను పుట్టించి పావుగంట కాలేదు, అప్పుడే ఆయనకు శిష్యులు బయల్దేరారు.

గుండిగలో అన్నం పనివాళ్లు పంచుకున్నారు. సాయంత్రానికి ఇంజన్లు వచ్చాయి. షావుకారు ఆ మూడు రోజులూ తానూ ఒంటిపూట ఉన్నాడు. ఎందుకండీ అని ఫోన్‌లో అడిగితే, నా చేపలు పస్తుంటే నేను రెండు పూటలా ఏం తింటానండీ అన్నాడు. శుక్రవారానికి చావులు ఆగాయి. శనివారం ఎండ కాసింది, చేపలు అడుగుకు దిగాయి. శనివారం సాయంత్రం షావుకారే చర్చి దాకా వెళ్లి, మామ్మగారి దోషం ఏమీ లేదని పెద్దాయన తేల్చారండీ అని సంఘం పెద్దలకు చెప్పాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సరే అన్నారట. ఒక క్రైస్తవురాలు మంత్రగత్తె కాదని ఒక మాంత్రికుడు ఇచ్చిన సర్టిఫికెట్, పైగా ఆ మాంత్రికుడు లేనే లేడు. ఇంతకంటే మంచి వార్త నా చేతికి మళ్లీ రాలేదు. వేయడానికి వీల్లేకపోయింది. జిల్లా పేజీలో అడుగున 'మబ్బుల వేళ చేపల రైతులు జాగ్రత్త' అని ఎనిమిది లైన్లు పడ్డాయి.

ఆదివారం పనేమీ లేకపోయినా అటు వెళ్లాను. చర్చి వెనక గుమ్మం దగ్గర నిలబడితే, తెల్ల చీర కొంగు నెత్తిన కప్పుకుని బల్ల దగ్గరికి నడుస్తున్న మామ్మ కనిపించింది. మిగతావాళ్లు రెండడుగులు ఎడంగా నడిచారు. ఆవిడ తొందరపడలేదు.

చేసిన పనికి ఫలితం నేనూ అనుభవిస్తున్నాను. ఆకివీడు పెద్దాయన నంబరు ఇమ్మని ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. ఒకాయన రొయ్యల చెరువుకు, ఒకావిడ కోడలికి. ఆయన్ను స్వయంగా దర్శించుకున్నానని, తెల్లటి గడ్డమని, మౌనవ్రతంలో ఉన్నారని నాకే చెప్పినవాడు ఉన్నాడు. ముప్పై ఏళ్ల వ్యాసాలతో నేను ఎంతమంది చేత మూఢనమ్మకం మాన్పించానో తెలియదు. పావుగంటలో ఎంతమందికి అంటించానో మాత్రం కొంచెం తెలుసు.

పట్టుబడి రోజున షావుకారు పిలిస్తే వెళ్లాను. మూడో లాగుడు కాగానే మగవాళ్లందర్నీ అతనే కేకలేసి గట్టెక్కించాడు, తాను కూడా వీపు తిప్పి నిలబడ్డాడు. ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో దిగారు. నవ్వులు, తిట్లు, తట్టల చప్పుడు. మామ్మ గట్టెక్కి నా స్కూటర్ దగ్గరికి వచ్చింది. అప్పుడు అడిగాను, ఆ రోజు మట్టి విసిరి ఏమన్నారని.

"నీ చేపలన్నీ నోళ్లు తెరుచుకుని చావాలి అన్నానండీ." చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ ఆదివారం బల్ల ముందుకెళ్లే లోపే దేవుడి దగ్గర ఒప్పేసుకున్నాను. లేకపోతే ఆ రొట్టె ముక్క గొంతు దిగుద్దాండీ?"

"అది మబ్బు వల్ల మామ్మా."

"ఆయ్, మబ్బేనండీ. కాదని నేనన్నానా?"

నా సంచీ తెరిచి, ఇంకా కొట్టుకుంటున్న రెండు కొరమీనులు అందులో వేసింది. ఒకటి చాలన్నాను.

"రెండోది మీకు కాదండీ. ఆకివీడు పెద్దాయనకి. పాపం, ఏమీ పుచ్చుకోరంట గదా."

రెండూ మా ఇంట్లోనే పులుసు పెట్టుకున్నాం.