మెట్లక్క రాసిన పేజీ

ఆఫీసులో అందరూ ఆవిడను మెట్లక్క అనేవారు. ఏది రాసినా ఒకటో మెట్టు, రెండో మెట్టు అంటూ రాయడమే ఆవిడ ఉద్యోగం. ప్రోగ్రామర్లు ఏ కొత్త టూల్ తయారుచేసినా, దాన్నెలా వాడాలో చెప్పే పేజీ ఆవిడ చేతిమీదుగానే బయటికి వెళ్ళాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. అసలు ఇవి ఎవరైనా చదువుతారా అని అడిగితే, "చదివినవాళ్ళు ఫోన్ చెయ్యరు, ఫోన్ చేసేవాళ్ళు చదవరు" అని నవ్వేసేది.

ఆ ఏడాది వచ్చిన పని చూడ్డానికి చిన్నదే. డాక్యుమెంటులో ఉన్న పట్టికకు అచ్చం అలాంటిదే మరొకటి, కావాలంటే పది, నకలు తీసిపెట్టే టూల్. గళ్ళలోని రాతతో సహా తీయొచ్చు, వట్టి గళ్ళు మాత్రమే తీయొచ్చు. తను చేసి చూడనిదే ఆవిడ ఒక్క ముక్క రాయదు. అందుకని నమూనాకి ఒక పట్టిక కావలసివచ్చి, తోచింది వేసేసింది: సోమవారం గిన్నెలు అక్క, బట్టలు నేను, మంగళవారం గిన్నెలు నేను, బట్టలు అక్క. ఐదు నకళ్ళు అడిగి బటన్ నొక్కింది. తెర నిండా మరో ఐదు చోట్ల అక్క గిన్నెలు తోముతూ కనిపించింది.

మెట్లక్క, ఆవిడ అక్క ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. పెళ్ళి ఊసు ఇద్దరూ ఎప్పుడో వదిలేశారు. అలాంటిది, మోకాలి నొప్పికి కసరత్తులు నేర్పే ఆయన దగ్గరికి వెళ్ళివెళ్ళి, అక్క యాభై రెండో ఏట ఆయన్నే చేసుకుంది. "బావగారూ, మోకాలు చూడమంటే మనిషినే తీసుకెళ్ళిపోతున్నారే!" అని చెల్లెలు ఆటపట్టించింది. సాక్షి సంతకమూ తనే పెట్టింది.

అక్క ఆయనింటికి వెళ్ళిపోయాక, శుక్రవారం సాయంత్రం లిఫ్టు నడిపే ఆయనతో "వస్తానండీ" అంటే, సోమవారం పొద్దున మళ్ళీ ఆయన్ను చూసేదాకా అదే ఆఖరి మాట అయిపోయింది. సోమవారాలు గొంతు గరగరలాడేది.

"జలుబు చేసిందా అమ్మా?"

"అవునండీ," అనేది.

పట్టికలో అక్కను చెరిపేసి పెన్సిళ్ళు, కాగితాలు అని పెట్టుకుని పేజీ ముగించింది.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది.

"ఆ పట్టికల పేజీ రాసింది మీరేనాండీ?" అవతల ఆడగొంతు, వెనకాల ట్రాలీ చక్రాల చప్పుడు. "నేను పెద్దాసుపత్రిలో నర్సుని. వారం వారం మా డ్యూటీల పట్టిక నేనే వేస్తాను. మీ ఆరో మెట్టు దగ్గర మునిగిపోయానండీ."

"ఏమైంది?"

"పట్టికను ఎంచుకోండి అన్నారు. ఎలా ఎంచుకోవాలో చెప్పలేదు. ఇది ఎప్పటిదో పాత పట్టిక నకలు తీసిచ్చింది. నేను చూసుకోకుండా గోడకి అంటించేశా. సెలవులో ఉన్నావిడ పేరుంది, ఉండాల్సినావిడ పేరు లేదు. పెద్ద గొడవ!"

మెట్లక్క డబ్బా పక్కకు నెట్టి, ఆ పేజీ తెరిచి చూసింది. తను చేసినప్పుడు కర్సర్ ఎప్పుడూ పట్టికలోపలే ఉంది. బయట ఉంటే టూల్ అంతకుముందు తాకిన పట్టికను పట్టుకుంటుందని తనకు తట్టనే లేదు.

"తప్పు నాదేనమ్మా. ముందు పట్టికలో ఏదో ఒక గడిలో క్లిక్ చెయ్యండి. అప్పుడు బటన్ నొక్కండి."

కీబోర్డు టకటకలు వినిపించాయి. "ఆఁ, వచ్చిందండీ! ఇంతేనా? మీరు భలేవారే, రికార్డింగ్ పలుకుతుందనుకున్నా, మనిషే దొరికారు."

"మీరు చివరిదాకా చదివారా?" మెట్లక్క ఉండబట్టలేక అడిగింది.

"రెండుసార్లు. ఉంటానండీ, గంట కొడుతున్నారు."

ఇరవై నిమిషాల్లో పేజీ సరిదిద్దేసింది. ఇక ఆ వ్యవహారం అక్కడితో అయిపోయినట్టే. అయినా శనివారం ఉతికిన చీర కట్టుకుని, రెండు బస్సులు మారి ఆ ఆసుపత్రికి వెళ్ళింది. ఎవరైనా అడిగితే పట్టికలు ఎలా వాడుతున్నారో చూడ్డానికి వచ్చానని చెబుదామనుకుంది. దారి పొడుగునా ఆ మాటే సరిచూసుకుంది.

డ్యూటీల పట్టిక వేసే నర్సుకు ఆ రోజు సెలవని గేటు దగ్గర చెప్పారు. అయినా వార్డుదాకా వెళ్ళింది. నర్సుల బల్ల దగ్గర ఎవరూ లేరు. కంప్యూటర్ పక్క గోడకు, డ్యూటీల పట్టిక కింద, తను రాసిన పేజీయే టేపుతో అంటించి ఉంది. మూలలు నలిగాయి. ఆరో మెట్టు పక్కన నీలం సిరాతో, "ముందు గడిలో క్లిక్. కంగారు పడొద్దు. అర్థం కాకపోతే కింది నంబరుకి ఫోన్ చెయ్యండి, ఒకావిడ ఓపిగ్గా చెప్తుంది" అని రాసి ఉంది.

ఆవిడ అది చదివింది. మళ్ళీ చదివింది.

"ఎవరి కోసమమ్మా? పేషెంట్లను చూసే వేళ అయిపోయింది," అంది అటు వచ్చిన మరో నర్సు.

ఆవిడ పేజీ నలిగిన మూలను వేలితో సరిచేసింది. "ఎవరూ లేరమ్మా, వెళ్తున్నా," అని సంచీ భుజానికి తగిలించుకుని, వచ్చిన వరండా వెంటే బయటికి నడిచింది.