గోల్డ్ ఫిష్ పోయిన రోజు

నా చిన్నప్పుడు బందరులో మా గోల్డ్ ఫిష్‌ను పక్కింటి అక్క చంపేసిందని మా చెల్లి ఇన్నేళ్లూ నమ్మింది. అలా చెయ్యమన్నది నేనేనని మొన్నటిదాకా నేను చెప్పలేదు.

ఆ చేపను గాజుతొట్టెతో సహా మాకు ఇచ్చింది అక్కే. కాలేజీలో జువాలజీ చదివేది. మా రెండిళ్ల మధ్య గోడకు చిన్న తలుపుండేది. సాయంత్రమైతే చెల్లి ఆ తలుపు తోసుకుని వెళ్లి అక్క చేత జడ వేయించుకునేది. నేను వాళ్ల వసారాలో పక్కన కూర్చుని ఆమె చెప్పే సముద్రపు కబుర్లు వినేవాణ్ణి. అంత చల్లని వసారా నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఒక వేసవిలో చేపకు జబ్బు చేసి పొట్ట ఉబ్బిపోయింది. పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. అక్క దాన్ని వేరే గిన్నెలో ఉప్పునీటిలో ఉంచి చూసింది. తగ్గలేదు. తిండి మానేసి, పక్కకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ ఉండిపోయింది. "కాలవలో వదిలెయ్యండర్రా, పుణ్యం," అంది నానమ్మ, చెల్లిని తీసుకుని మోపిదేవి గుడికి బయల్దేరుతూ.

"ఈదలేని దాన్ని వదిలితే కాకులు ప్రాణముండగానే పొడుస్తాయిరా. పుణ్యం మనకి, పోట్లు దానికీనా?" అంది అక్క. లవంగనూనె కలిపిన నీళ్లలో అది నొప్పి తెలియకుండా నిద్రపోతుందని, ఆ నిద్రలోనే పోతుందని చెప్పింది. చెల్లి వచ్చేదాకా ఆగుదామా అని కూడా అడిగింది. నేను ఆ మొప్పలకేసి చూసి, "వద్దక్కా, ఇప్పుడే నిద్రపుచ్చెయ్యి," అన్నాను.

సీసాలో నూనెను నీళ్లతో గిలక్కొట్టి కొంచెం కొంచెంగా పోసింది. చేప నెమ్మదించింది. కదలిక ఆగాక ఇంకాస్త పోసి, చాలాసేపు అక్కడే కూర్చుంది. నన్నూ లేవనివ్వలేదు. దిక్కులేని దానిలా వదిలి వెళ్లకూడదంది.

చెల్లి వచ్చి ఖాళీ తొట్టె చూసి ఏడ్చింది. నాకు భయమేసి, "అక్క ఏదో నూనె పోసింది," అన్నాను. "చేతులెలా వచ్చాయే తల్లీ!" అని నానమ్మ గోడ మీంచి నిలదీస్తే, అక్క నావైపు ఒక్కసారి చూసి, "నేనే చేశానండీ మామ్మగారూ," అంది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. కొన్నాళ్లకు ఆమె పెళ్లై చల్లపల్లి వెళ్లిపోయింది. ఆ పెళ్లికి చెల్లి రాలేదు.

తర్వాత మా ఇంట్లో ఎవరి చివరి ఘడియల్లోనూ నేను పక్కనుంచి లేవలేదు. అది అక్క నేర్పిందే. ఆ మాట కూడా ఆమెకు చెప్పలేదు.

మొన్న చెల్లిని వెంటబెట్టుకుని చల్లపల్లి వెళ్లి, ఇద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. చెల్లి తల దించుకుంది. అక్క నవ్వేసి, "అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివిరా," అంది.

"చెల్లి నాకన్నా చిన్నదక్కా. దానికి నిన్ను లేకుండా చేశాను. ఇద్దరూ నన్ను క్షమించండి."