కొస లేని లేసు

నా చిన్నప్పుడు మా వీధి ఆడవాళ్ళు ఖాళీ చేతులతో కూర్చుని కబుర్లాడగా నేను చూడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుల మీద చేరి, ఒడిలో దారపు ఉండ పెట్టుకుని, నోటితో ఊరి సంగతులన్నీ తిరగేస్తూనే చేత్తో లేసు అల్లేవారు. ఎండ అరుగెక్కితే లోపలికి జరిగేవారు, నీడ వస్తే మళ్ళీ బయటికి. పాలకొల్లు అవతల కాలువ గట్టు వెంబడి ఉన్న మా ఊళ్ళలో మగవాళ్ళకి చేలున్నట్టే ఆడవాళ్ళకి చివర కొక్కెం ఉన్న ఆ చిన్న సూది ఉండేది. అల్లినదంతా లేసు కొనుక్కుపోయే ఏజెంటుగారి రెగ్జిన్ సంచిలోకి వెళ్ళేది. అక్కడి నుంచి ఓడలెక్కి విదేశాలకి పోతుందనీ, దొరల ఇళ్ళలో భోజనాల బల్లల మీద పరుస్తారనీ చెప్పుకునేవారు. మా ఇళ్ళలో మాత్రం ఎవరూ లేసు పరుచుకోలేదు. పరుచుకోవడానికి అసలు బల్లలుంటే కదా.

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ప్రపంచీకరణ, ఎగుమతులు, అభివృద్ధి విధానాలు అని పెద్ద పెద్ద మాటలు బోర్డు మీద రాస్తూ ఉంటాను. పుస్తకంలో ఆ పాఠం ఒక గ్రాఫుతో మొదలవుతుంది. నాకు మాత్రం అది మా మామ్మ పక్కన, అరుగు మీద, ఒక పాత బ్లేడుతో మొదలైంది.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. వీధిలో అందరికీ ఆవిడే లేసు గురువు, పైగా నోటి దురుసు మనిషి. నేను మొదటిసారి తంటాలు పడి ఒక పువ్వు అల్లి గర్వంగా తీసుకెళ్ళి చూపిస్తే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. నా పువ్వు కాస్తా నా కళ్ళ ముందే వట్టి దారమైపోయింది. నేను ఏడుపు లంకించుకున్నాను. "ముందు విప్పడం నేర్చుకోవే పిచ్చిమొహమా, తర్వాత అల్లుదువుగాని" అని నవ్వింది. సూదితో అల్లే లేసంతా ఒకటే దారం. చివరి ముడి ఎక్కడుందో కనిపెట్టి విప్పితే, వచ్చిన దారినే ఒక్కో అల్లికా వెనక్కి వస్తుంది. ఆవిడ కొత్త డిజైన్లు నేర్చుకునేదీ అలాగే. ఏజెంటుగారు శాంపిలు తెచ్చి ఇస్తే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా మొదటికంటా విప్పేసేది, విప్పుతూ అంతా బుర్రలో పెట్టుకుని తిరిగి అల్లేది. శాంపిలు జాగ్రత్తగా తిరిగివ్వాలని ఆయన మరీమరీ చెప్పి వెళ్ళేవారు. పాపం, ఆయన తిరిగి తీసుకెళ్ళేది మా మామ్మ అల్లిన దాన్నని ఆయనకెప్పుడూ తెలియలేదు.

మా పక్కింటి అక్క మామ్మకి ప్రియశిష్యురాలు. ఆమెని యానాం పక్కనున్న ఊరికిచ్చారు. యానాంలో మందు చవక, మొగుడికి తీరిక ఎక్కువ. చంకలో పిల్లనేసుకుని పుట్టింటికి వచ్చేసి, అన్నయ్య ఇంటి పక్క వసారాలో వేరే పొయ్యి పెట్టుకుంది. ఒకసారి అత్తవారి తరఫు పెద్దమనుషులు తీసుకుపోదామని వచ్చారు. అక్క తలెత్తకుండా, సూది ఆపకుండా వాళ్ళు చెప్పిందంతా విని, "రానండి. నా పిల్లని నేను పోషించుకుంటున్నాను, నా పొయ్యి నాది" అంది. వచ్చినవాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ సూది ఆడుతున్నంతకాలం ఆమెని ఎవరూ ఏమీ చెయ్యలేరని మా వీధికంతా తెలుసు.

తొంభైల చివర్లో మా ఊళ్ళో డ్వాక్రా సంఘం పెట్టారు. సంఘం చూడటానికి ఒకరోజు జీపులో ఆఫీసర్లూ, వాళ్ళతో ఒక తెల్లావిడా వచ్చారు. పేద దేశాల్లో ఏం చేస్తే జనం బాగుపడతారో ఆవిడ ఊరూరా తిరిగి రాసుకుంటుందట. మంచి మనిషే. చాప మీద మఠం వేసుక్కూర్చుంది, అక్క అల్లిన లేసు చేత్తో నిమిరి కళ్ళు పెద్దవి చేసింది, ఫోటో తీసుకుంది. పక్కనున్న ఆఫీసరుగారు ఉత్సాహంగా, "ఇక మీదట దేశాల మధ్య అడ్డుగోడలుండవమ్మా. తలుపులన్నీ తెరుస్తున్నారు. ప్రపంచమంతా మీ సంతే" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. పిల్లని పాలకొల్లు కాన్వెంటులో వేస్తానని అక్క ఆ సాయంత్రమే తీర్మానించేసింది. జీపు దుమ్ము అణిగాక మామ్మ మాత్రం, "తలుపు తీస్తే మనమే వెళ్తామటే? అవతలవాళ్ళు రారూ?" అంది. ఆవిడ మాట విరుపు మాకలవాటే, అందరూ నవ్వేశారు.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఏజెంటుగారు ఒక కొత్త శాంపిలు తెచ్చారు. ఎప్పుడూ గడప దగ్గర కూర్చుని కాఫీ తాగితేగాని కదలని మనిషి, ఆరోజు మోపెడ్ కూడా ఆపకుండా, "వచ్చేవారం మాట్లాడదామండి మామ్మగారూ" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అరచేతిలో పట్టేంత గుండ్రటి లేసు. ఎంత అందంగా ఉందనుకున్నారు! ఏ రేకుకి ఆ రేకు తూచినట్టుంది, ఎక్కడా ఒక వదులు లేదు, ఒక బిగువు లేదు. ఎవరల్లారో గాని మహా చెయ్యి అనుకున్నారు. ఏ ఊరి పిల్లో అని ఆరా తీశారు. అక్కకి పట్టుదల వచ్చేసింది. "మామ్మగారూ, త్వరగా విప్పండి. ఆర్డరు వేరే ఊరికి పోకముందే నేర్చేసుకుందాం" అంది.

మామ్మ కళ్ళజోడు సర్దుకుని కొస కోసం వెతకడం మొదలుపెట్టింది. అంచంతా గోటితో తడిమింది. మధ్యలో చూసింది. వెనక్కి తిప్పి చూసింది. కాసేపటికి ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మామ్మగారికి చూపు తగ్గిందర్రా" అని ఎవరో గొణిగారు. మామ్మ ఆ మాట పట్టించుకోకుండా దాన్ని నా చేతికిచ్చింది. లేత కళ్ళు కదా, నేనే కనిపెట్టి శభాష్ అనిపించుకోవాలని వెలుతురుకేసి పట్టుకుని మరీ వెతికాను. ఎంత వెతికినా వేలికి ఏమీ తగల్లేదు. ఎందుకో తెలియదు, నాకు భయం వేసింది. "మామ్మా, దీనికి కొస లేదు" అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి బ్లేడు తెచ్చింది. అక్క కంగారుపడి చెయ్యి అడ్డం పెట్టింది. శాంపిలు కోస్తే ఏజెంటుగారు మళ్ళీ గుమ్మం తొక్కరని భయం. మామ్మ ఆ చేతిని పక్కకి నెట్టి, అంచు దగ్గర ఒక గాటు పెట్టి లాగింది. మామూలుగా అయితే సరసరా విడిపోవాలి. ఏమీ జరగలేదు. మరోచోట కోసింది. కాస్త నూగు రాలి ఒళ్ళో పడింది, అంతే. అరుగు మీద సూదులన్నీ ఆగిపోయాయి.

"ఇది చెయ్యి అల్లింది కాదర్రా" అంది చివరికి. "చేత్తో అల్లితే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. చెయ్యి అలిసిపోతుంది. దీన్ని చేసింది అలిసిపోదు."

మరుసటి వారం ఏజెంటుగారు వచ్చినప్పుడు మామ్మ ఆ కోసిన ముక్కని దాచకుండా ఆయన ముందు పెట్టింది. ఆయనకి కోపం రాలేదు. అరుగు చివర కూలబడి మంచినీళ్ళడిగారు. "నేర్చుకుంటారని తేలేదండి. సరుకు కొనే కంపెనీవాళ్ళు చూపించమన్నారు, చూపించాను. చైనా మిషన్ సరుకటండి ఇది. దొరల దేశాల్లో ఓడలకొద్దీ దింపుతున్నారట. మీవాళ్ళు ఇంత చవగ్గా ఇవ్వగలరా అని అడగమన్నారు" అన్నారు తలొంచుకుని. మామ్మ అక్క వైపు చూసింది. అక్క ఒడిలోని దారపు ఉండ వైపు చూసుకుంది.

ఆరోజు మామ్మ నాకు ఎప్పుడూ చెప్పని కథ చెప్పింది. వాళ్ళ నాయనమ్మల కాలంలో కరువొస్తే, క్రైస్తవ మిషనరీ దొరసానులు గంజి పోసి, చేతికి ఈ సూదులిచ్చి పని నేర్పారట. "ఆ సూదే మన వాళ్ళని బతికించింది, కాదనను. పుణ్యాత్ములు. కాని ఇది ఎవరి బల్ల మీదకి పోతుందో, వాళ్ళకి ఎప్పుడు వద్దనిపిస్తుందో చెప్పలేదే. మనమూ అడగలేదు. ఇన్ని తరాల నుంచీ దారం ఈ కొస మన చేతిలో ఉంటే చాలనుకున్నాం" అంది. మామ్మ విరుపు లేకుండా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ఆవిడ అరిచినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఏమీ ఒక్కసారిగా జరగలేదు. ఏజెంటుగారు వారం తప్పించి వారం రావడం మొదలైంది, సంచి సన్నబడింది. ఒక అరుగు ఖాళీ అయింది, తర్వాత ఎదురరుగు. కొందరు రొయ్యల షెడ్లకి వెళ్ళారు, కొందరు పొద్దుటే కూలికి. సంఘం బోర్డు గోడ మీద అలాగే ఉండేది. ఆ జీపు మాత్రం మళ్ళీ రాలేదు. యానాం వైపు నుంచి పెద్దమనుషులు మళ్ళీ వచ్చారు. ఈసారి మజ్జిగ తాగాక కూడా లేవలేదు. అక్క అన్నయ్య కూడా వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

అక్క అత్తారింటికి వెళ్ళలేదు. కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. పిల్లని మామ్మ దగ్గర వదిలింది. ఆమెని పంపిన ఏజెంటు ఎవరో కాదు, మా లేసు ఏజెంటుగారే. ఆయనా బతకాలి కదా. ఒకప్పుడు లేసు కట్టలు మోసిన ఆ రెగ్జిన్ సంచిలోనే అక్క పాస్‌పోర్టు తెచ్చారు. బస్సెక్కే ముందు అక్క తన సూదిని నా చేతిలో పెట్టి, "పిల్లకి నేర్పకే" అంది.

చాలా రోజులకి కిరాణా కొట్టు ఫోనుకి అక్క ఫోన్ చేసింది. మామ్మకి చెవులు సరిగా వినపడవని నేనే తీసుకున్నాను. పిల్ల సంగతి అడిగింది, నా చదువు అడిగింది. ఇంక పెట్టేస్తుందనుకుంటే గొంతు తగ్గించి, "ఇక్కడ వీళ్ళ భోజనాల బల్ల మీద ఇంత పొడుగు లేసు గుడ్డ ఉందే. రోజూ నేనే ఉతికి ఆరేస్తాను. వచ్చిన రోజే అంచంతా తడిమి చూశాను" అంది.

"దొరికిందా అక్కా?"

"లేదే" అంది. ఏమంటోందే అని మామ్మ నా భుజం కుదుపుతోంది. బాగానే ఉందట అని చెప్పాను.

మామ్మ పోయి చాలాకాలమైంది. పిల్ల పెరిగి పెద్దదై తన కాళ్ళ మీద తను నిలబడింది. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన అక్క, నేను సూది తీసి ఇస్తే చూసి నాకే ఇచ్చేసింది. మా కాలేజీకి ఇప్పుడు కూడా పెద్దలు వచ్చి, ఈ జిల్లాలో ఫలానాది పండిస్తే, ఫలానాది తయారుచేస్తే ప్రపంచమంతా మనదేనని ఉపన్యాసాలిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను. కొడుతూనే వేదిక మీద బల్లకి పరిచిన లేసు గుడ్డ వైపు చూస్తాను. అందరూ వెళ్ళిపోయాక దగ్గరికెళ్ళి, దాని అంచు పట్టుకుని చుట్టూ తడుముతాను. ఇంతవరకు ఒక్కదానికీ కొస దొరకలేదు.