పగులు

గాలులు, దెయ్యాలు అంటే నాకు ఒళ్ళుమంట. నాకు తాయెత్తులు చెప్పాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

మా ఆయన మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో మేస్త్రీ. నిరుడు పని మధ్యలో మెదడులో రక్తనాళం చిట్లి పడిపోయాడు. గుంటూరులో ఆపరేషన్ చేశారు. తర్వాత తలలో నీరు చేరితే ట్యూబు వేశారు. దానికి ఇన్ఫెక్షన్ వస్తే మళ్ళీ కోశారు. ఇంటికొచ్చాక కన్నకూతురి పేరు రాలేదు. చెంచా చూపిస్తే "అది... అది..." అనేవాడు. రోజూ మాటలు నేర్పించమన్నారు డాక్టర్లు. నేర్పిస్తూనే ఉన్నాను.

ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. రాయిని కొట్టి చెవి పెట్టడం. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులు. ఇంట్లో గడప, గిన్నె, మంచం కోడు, అన్నిటినీ వేలి కణుపుతో కొట్టి వినేవాడు.

అది చూసి మా బావగారు, అంటే ఆయన అన్న, "వీడికి గాలి సోకిందమ్మాయ్. ఆ మాత్రలు ఆపి మంత్రం పెట్టిద్దాం" అన్నారు. తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. మనిషి లేనట్టే మాట్లాడతారా? నాకు నషాళానికి అంటింది.

అప్పుడే మా ఆయన లేచి, అన్న తల మీద రెండుసార్లు కొట్టి చెవి ఆనించాడు. "అన్నా, పగులు" అన్నాడు. ఇంటికొచ్చాక తడుముకోకుండా వచ్చిన మొదటి మాట.

"ఏందిరా, నా తలకాయ నీకు రాయిలాగుందా?" అని నవ్వారు బావగారు.

"ఉన్నదే చెప్పాడు లెండి" అన్నాను కసిగా.

నాలుగో రోజు పట్టపగలు, బావగారు టీ తాగుతూ కూలిపోయారు. ఆయనకూ తలలో రక్తస్రావమేనని పోస్టుమార్టంలో తేలింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. అంతకుముందు తలనొప్పి అని అన్నది లేదు.

"నీ మొగుడు నోరు పెట్టి చంపాడే" అంది మా అత్త. సొంత కొడుకుని అనే మాటేనా అది! ఆమె మీద కోపం. వెంటనే స్కాన్ తీయించుకోమనకుండా వెటకారం చేసిన నా మీద ఇంకా కోపం. అన్నదమ్ములిద్దరికీ రావచ్చన్నాడు డాక్టరు. రావచ్చు. వేలి కణుపుకి ముందే ఎలా తెలిసిందయ్యా అంటే ఫైలు మూసేశాడు.

మొన్న బియ్యం ఏరుతుంటే మా ఆయన వెనక నిలబడి నా తల మీద రెండుసార్లు కొట్టాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఏందయ్యా, చెప్పు" అన్నాను.

పెదాలు కదిలాయి. "అది... అది..." అన్నాడు. ఎంత అడిగినా మాట దొరకలేదు.

రేపు స్కాన్ కోసం నరసరావుపేట వెళ్తున్నాను. ఏమైందమ్మా, ఎందుకు తీయాలి అని డాక్టరు అడుగుతాడు. ఏం చెప్పను?